గేమింగ్ పీసీ: ర్యామ్ రేటు మండిపోతోంది.. యాభై వేలలో ఫస్ట్ బిల్డ్ ఇప్పుడు ఎక్కడ మొదలుపెట్టాలి?

బోనస్ డబ్బులు చేతికొచ్చాయి. సెల్‌లో బీజీఎంఐ ఆడి ఆడి బోర్ కొట్టింది, ఇక పీసీ కొనేద్దాం అనుకుంటున్నారా? పటాన్‌చెరు, బొల్లారం, పాశమైలారంలో షిఫ్టులు చేసే కుర్రాళ్లు అయినా, సంగారెడ్డిలో డిప్లొమా చదివే స్టూడెంట్స్ అయినా.. బడ్జెట్ యాభై వేల రూపాయలు అనుకుందాం. ఏడాది కిందటి యూట్యూబ్ వీడియోలోని పార్ట్స్ లిస్టును స్క్రీన్‌షాట్ తీసుకుని షాపుకి వెళ్తే మాత్రం షాక్ తప్పదు. ఈసారి దెబ్బ కొట్టింది గ్రాఫిక్స్ కార్డు కాదు. ర్యామ్!

అసలు ర్యామ్‌కి ఏమైంది?

ప్రపంచంలో మెమరీ చిప్స్‌లో ఎక్కువ భాగం తయారుచేసేది మూడే కంపెనీలు. శాంసంగ్, ఎస్‌కే హైనిక్స్, మైక్రాన్. ఏఐ డేటా సెంటర్ల నుంచి వీటికి ఆర్డర్లు వెల్లువెత్తాయి. 2025 అక్టోబర్ 1న ఓపెన్‌ఏఐ తన స్టార్‌గేట్ ప్రాజెక్టు కోసం శాంసంగ్, హైనిక్స్‌తో ఒప్పందాలు ప్రకటించింది. నెలకు 9 లక్షల వేఫర్ల వరకు కావాలన్నది టార్గెట్. పెద్ద కస్టమర్ అంత అడుగుతుంటే మన 16 జీబీ స్టిక్కు ఎవరికి కావాలి? 2025 డిసెంబర్ 3న మైక్రాన్ ఏకంగా క్రూషియల్ బ్రాండ్‌తో అమ్మే కన్స్యూమర్ బిజినెస్ నుంచే తప్పుకుంటున్నట్లు చెప్పేసింది. సరుకు పంపేది 2026 ఫిబ్రవరి చివరి దాకే అని కూడా క్లారిటీ ఇచ్చింది. ఇదే మైక్రాన్‌కి హైదరాబాద్‌లో పెద్ద డెవలప్‌మెంట్ సెంటర్ ఉంది. 2025 మధ్యలో ఉన్న ధరతో పోలిస్తే ర్యామ్ రేటు రెట్టింపు దాటిపోయింది. రేటు రోజూ మారుతోంది కాబట్టి పొద్దున చెప్పిన కొటేషన్‌కి సాయంత్రం గ్యారంటీ లేదు.

అందుకే లెక్క తిరగబడింది

ఇంతకుముందు రూల్ సింపుల్. ముందు గ్రాఫిక్స్ కార్డు ఫిక్స్ చేసుకో, మిగిలిన డబ్బులో మిగతావి సర్దుకో. ఇప్పుడు ఫస్ట్ క్వశ్చన్ ఏంటంటే.. డీడీఆర్4 ఆ, డీడీఆర్5 ఆ? దాన్ని బట్టే మదర్‌బోర్డు, బోర్డుని బట్టి ప్రాసెసర్. ఒక రకం స్టిక్ ఇంకో రకం స్లాట్‌లో అస్సలు పట్టదు. ఏఎండీ ఏఎం5 బోర్డులకి డీడీఆర్5 మాత్రమే నడుస్తుంది. పాత ఏఎం4కి డీడీఆర్4. ఇంటెల్ 12, 13, 14 జనరేషన్లలో రెండు రకాల బోర్డులూ దొరుకుతాయి.

"ఏఎం4 పాతబడిపోయింది బ్రో, ఫ్యూచర్ లేదు" అని షాపుల్లో అంటారు. నిజమే. ఏఎం5కి 2027, ఆ తర్వాత కూడా సపోర్ట్ ఇస్తామని ఏఎండీ చెప్పింది. డెబ్బై, ఎనభై వేలు పెట్టగలిగితే అటే వెళ్లాలి. కానీ యాభై వేల దగ్గర ఆగిపోయేవాళ్లకి డీడీఆర్4 దారే బెటర్. దాని రేటు కూడా పెరిగింది, కాదనలేం. అయితే సెకండ్ హ్యాండ్‌లో ధైర్యంగా కొనగలిగే పార్ట్ ఏదైనా ఉందంటే అది ర్యామే. షాపులోనే సిస్టమ్‌లో పెట్టించి మెమరీ టెస్ట్ రన్ చేయించుకోవచ్చు. ఎస్ఎంపీఎస్, ఎస్ఎస్‌డీ మాత్రం పాతవి ముట్టుకోవద్దు.

డబ్బు ఒకేసారి సరిపోకపోతే రెండు విడతల్లో కట్టుకోవచ్చు. రైజెన్ 5 5600జీ లాంటి ప్రాసెసర్‌లో గ్రాఫిక్స్ లోపలే ఉంటాయి. 6 కోర్లు, 12 థ్రెడ్లు. వాలరెంట్, జీటీఏ 5 లాంటివి సెట్టింగ్స్ తగ్గించుకుని హాయిగా ఆడుకోవచ్చు. ఆరు నెలల తర్వాత కార్డు కొనుక్కోండి. ఇక్కడ రెండు మెలికలు ఉన్నాయి. ఇలాంటి చిప్ ర్యామ్‌నే గ్రాఫిక్స్‌కి కూడా వాడుకుంటుంది కాబట్టి ఒక 16 జీబీ స్టిక్ కంటే రెండు 8 జీబీ స్టిక్కులు పెడితేనే స్పీడ్ వస్తుంది. రెండోది, 5600జీ పీసీఐఈ 3.0 వరకే. ఆర్ఎక్స్ 6500 ఎక్స్‌టీ లాంటి నాలుగు లేన్ల కార్డు తగిలిస్తే పెట్టిన డబ్బుకి పూర్తి పని చేయదు.

ఇంటెల్‌లో 12400ఎఫ్ చాలామంది లిస్టుల్లో కనిపిస్తుంది. మంచి చిప్పే. చివర ఉన్న 'ఎఫ్' అక్షరానికి అర్థం లోపల గ్రాఫిక్స్ లేవని. కార్డు తర్వాత చూద్దాంలే అనుకుంటే స్క్రీన్ మీద బొమ్మే రాదు.

'4 జీబీ గ్రాఫిక్స్' అంటే పడిపోకండి

ప్యాకేజీ పోస్టర్ మీద "4 జీబీ గ్రాఫిక్స్ కార్డు" అని ఉంటే మోడల్ అడగండి. జీటీ 730 అని చెప్తే వెనక్కి వచ్చేయండి. అది 2014 నాటి కార్డు. పైన చెప్పిన 5600జీలో ఫ్రీగా వచ్చే గ్రాఫిక్సే దానికంటే ఫాస్ట్. ఆర్టీఎక్స్ 3050లో కూడా 6 జీబీ, 8 జీబీ అని రెండున్నాయి. తేడా మెమరీ ఒక్కటే కాదు, 6 జీబీ కార్డులో కోర్లు కూడా తక్కువే (2304, దానిలో 2560).

ఇక "పన్నెండు వేలకే ఐ7 గేమింగ్ పీసీ" అనే ఆఫర్లు. చాలావరకు ఆఫీసుల్లో తీసేసిన నాలుగో, ఆరో జనరేషన్ మెషీన్లు. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో అయిపోయింది. (అదే రోజు విశాఖ డేటా సెంటర్‌కి గూగుల్ 15 బిలియన్ డాలర్లు ప్రకటించింది. ర్యామ్ ఎటు పోతోందో అర్థమైంది కదా!) విండోస్ 11 అధికారికంగా ఇంటెల్ 8వ జనరేషన్ నుంచే. పైగా విండోస్ 11లో వాలరెంట్ ఆడాలంటే టీపీఎం 2.0, సెక్యూర్ బూట్ ఉండాల్సిందే.

మన ఏరియాకి స్పెషల్ జాగ్రత్తలు

యూట్యూబ్ లిస్టుల్లో ఎవరూ చెప్పని విషయం ఇది. ఫ్యాక్టరీల మధ్య అద్దె గదుల్లో త్రీ పిన్ సాకెట్ కనిపిస్తుంది కానీ లోపల ఎర్తింగ్ వైరు ఉండదు. క్యాబినెట్ ముట్టుకుంటే సన్నగా జిల్లుమంటే అదే కారణం. ముందు ఎలక్ట్రీషియన్‌తో అది సరిచేయించండి, తర్వాతే పీసీ. క్యాబినెట్‌తో పాటు ఉచితంగా వచ్చే ఎస్ఎంపీఎస్‌ని నమ్మొద్దు. అది పోతే ఒంటరిగా పోదు, బోర్డుని కూడా తీసుకుపోతుంది. 80 ప్లస్ బ్రాంజ్ రేటింగ్ ఉన్న 500, 550 వాట్లది చాలు. ఎల్ఈడీ లైట్ల ఫ్యాన్లకి పెట్టే డబ్బు ఇక్కడ పెట్టండి.

మామూలు 600 వీఏ యూపీఎస్ మోసేది సుమారు 360 వాట్లే. 65 వాట్ల ప్రాసెసర్, 130 వాట్ల కార్డు, మానిటర్, మిగతా పార్ట్స్ కలిపితే 270 దగ్గర తేలుతుంది. సరిపోతుంది. టీవీ, ఫ్యాన్ కూడా దానికే తగిలిస్తే కష్టం. 65వ నంబర్ హైవే లారీల దుమ్ము గురించి ఇక్కడివాళ్లకి చెప్పక్కర్లేదు. ముందు వైపు అద్దం ఉన్న క్యాబినెట్ అందంగానే ఉంటుంది కానీ మే నెల ఎండలో గాలి ఆడదు. జాలీ ముందుభాగం, తీసి కడిగే ఫిల్టర్ ఉన్నది చూసుకోండి.

ఎక్కడ కొనాలి?

సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని సీటీసీ అందరికీ తెలిసిందే. మియాపూర్‌లో మెట్రో ఎక్కి అమీర్‌పేటలో మారితే ప్యారడైజ్ స్టేషన్‌లో దిగొచ్చు. కనీసం రెండు మూడు షాపుల్లో ప్రతి పార్ట్‌కీ మోడల్ నంబర్‌తో కొటేషన్ రాయించుకోండి. "16 జీబీ ర్యామ్", "500 వాట్ల ఎస్ఎంపీఎస్" అని ఊరికే రాస్తే అది కొటేషన్ కాదు. జీఎస్టీ 18 శాతం కాబట్టి 50,000 బిల్లులో దాదాపు 7,627 రూపాయలు ట్యాక్సే. "బిల్లు లేకుండా అయితే తగ్గిస్తా" అనే మాట అక్కడే పుడుతుంది. ఆ తగ్గింపుతో పాటు వారంటీ కూడా పోతుంది. ప్రాసెసర్ సీల్డ్ బాక్సులో ఉందా, విడిగా ట్రేలో ఇస్తున్నారా చూడండి. ట్రే అయితే కంపెనీ వారంటీ ఉండదు, షాపు మాట మీదే బతకాలి. ఇప్పటికే క్రూషియల్ ర్యామ్ కొన్నవాళ్లు కంగారు పడక్కర్లేదు. అమ్మిన వాటికి వారంటీ కొనసాగిస్తామని మైక్రాన్ చెప్పింది, బిల్లు దాచుకోండి.

ఇంట్లో "గేమింగ్‌ని గవర్నమెంట్ బ్యాన్ చేసింది కదరా" అంటే.. 2025 ఆగస్టులో వచ్చిన చట్టం నిషేధించింది డబ్బులు పెట్టి ఆడే ఆన్‌లైన్ గేమ్స్‌ని. ఈ-స్పోర్ట్స్‌కి అదే చట్టం గుర్తింపు ఇచ్చింది.

జీటీఏ 6 కోసమే పీసీ కొంటున్నవాళ్లు మాత్రం కాస్త ఆగండి. రాక్‌స్టార్ 2026 నవంబర్ 19 అని ప్రకటించిన డేట్ పీఎస్5, ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎక్స్, ఎస్‌లకే. అందులో పీసీ పేరు లేదు.