మూత్రాశయమును మరువరాదు

1971లో భారతదేశమున తొలి సఫల మూత్రపిండ మార్పిడి జరిగిన వేలూరు, తమిళనాటి పాలకోడు ఊరి రోగులకు చేరరాని దూరము కాదు. అయితే దాత దొరకుటతోడనే చింత తీరినదని తలచు బంధువులు, క్రొత్త మూత్రపిండము స్రవించు మూత్రమును భరింపవలసిన మూత్రాశయ మెట్లున్నదని అడుగరు. పుట్టుకతోనే మూత్రమార్గమున కవాటముల అడ్డు గలవారికిని, వెన్నుపాము దెబ్బతిన్నవారికిని ఆ సంచి బిగిసి, లోపలి పీడనము హెచ్చి, దానముగా వచ్చిన అవయవమునే క్రమముగా చెఱుపవచ్చును. సన్నని గొట్టముతో నీరు నింపి పీడనమును కొలుచు యూరోడైనమిక్ పరీక్ష వీరికి శస్త్రచికిత్సకు పూర్వమే జరుగవలెను. డయాలసిస్ కాలమున మూత్రము రాక కుంచించుకొనిపోయిన సంచి మార్పిడి పిమ్మట సాధారణముగా తిరిగి విచ్చుకొనును గనుక, అందరికిని ఈ పరీక్ష విధించి పేదలపై వ్యయము మోపుట నాకు సమ్మతము గాదు. తల్లి తన మూత్రపిండము నీయ సిద్ధపడిన యింట, బిడ్డకు చిన్ననాట మూత్రబాధ లుండినచో వైద్యునకు ముందే చెప్పుడు.