కదలికా ఓ చదువే!

మా చెల్లెలి కూతురు అమెరికాలో చదువుతోందంటే "కంప్యూటర్సా?" అని అడుగుతారు అందరూ. కాదండీ, కినీసియాలజీ తీసుకోవాలనుకుంటోంది అంటే, "అదేం జబ్బు?" అన్నారొకావిడ. ఇంకొకరైతే "డ్రిల్లు మేష్టారి చదువా!" అని నవ్వేశారు. ఊళ్లోవాళ్ల సంగతి సరే, కన్నతండ్రి మాటా అదే. ఆ పిల్లది లిబరల్ ఆర్ట్స్ కాలేజీ. రెండో ఏడాది ముగిసేలోగా ప్రధాన సబ్జెక్టు ఏదో చెప్పేయాలి. "ఈ చదువుకైతే నేను ఫీజు కట్టను" అన్నారట మా మరిదిగారు. "పెద్దమ్మా, నువ్వైనా నాన్నకి చెప్పు" అని ఫోన్లో బతిమాలింది. ఆయనకు చెప్పాల్సింది ఆయనకు చెప్పాను. మనందరం ఆలోచించాల్సిన మాట కనుక ఇక్కడా చెబుతున్నాను.

కినీసియాలజీ అంటే మనిషి కదలికను గురించిన శాస్త్రం. గ్రీకు భాషలో కినీసిస్ అంటే కదలిక. ఎముకలు, కండరాలు, గుండె, ఊపిరితిత్తులు ఎలా పనిచేస్తాయో, కీళ్ల మీద ఎంత భారం పడుతుందో, కొత్త కదలికను మెదడు ఎలా నేర్చుకుంటుందో అన్నీ చదవాలి. తప్పటడుగులు వేసే పసివాడి దగ్గర్నుంచి పక్షవాతం వచ్చాక మళ్లీ నడక నేర్చుకునే తాతగారి దాకా అందరూ ఇందులోకే వస్తారు. బిందె చంకనెత్తుకుంటే నడుము మీద ఎంత బరువు పడుతుంది? రోజంతా నిలబడి వంట చేస్తే కాళ్లెందుకు పీకుతాయి? ఇవి మనకు అక్కర్లేని సంగతులా?

"అయితే ఏ పెద్ద యూనివర్సిటీలోనో చదవచ్చుగా" అన్నది రెండో అభ్యంతరం. లిబరల్ ఆర్ట్స్ కాలేజీలంటే ఎక్కువగా డిగ్రీ వరకే చెప్పే చిన్న కాలేజీలు. ప్రధాన సబ్జెక్టు ఏదైనా సాహిత్యం, చరిత్ర, సైన్సు అన్నీ కొంత కొంత చదవాల్సిందే. ఒబామా మొదటి రెండేళ్లు చదివిన లాస్ ఏంజిలిస్‌లోని ఆక్సిడెంటల్ కాలేజీ అలాంటిదే, అక్కడ కినీసియాలజీ కూడా ఉంది. తరగతులు చిన్నవి కాబట్టి వెనక బెంచీలో దాక్కోవడం కుదరదు.

అసలు ఈ చదువు పెరగడంలో అలాంటి కాలేజీలకూ, అందులోనూ ఆడవాళ్లకూ పెద్ద పాత్రే ఉంది! 1873లో బోస్టన్‌లో ఎడ్వర్డ్ క్లార్క్ అనే డాక్టరు, అబ్బాయిల్లా చదివితే అమ్మాయిల గర్భాశయం దెబ్బతింటుందని ఏకంగా పుస్తకమే రాశాడు. ఆడవాళ్ల కాలేజీలు చదువు మానిపించలేదు, వ్యాయామశాలలు కట్టించి జవాబు చెప్పాయి. స్మిత్ కాలేజీలో 1892లో సెండా బెరెన్సన్ అమ్మాయిల చేత బాస్కెట్‌బాల్ ఆడించింది. బోస్టన్‌లో వ్యాయామ టీచర్లను తయారుచేసే స్కూలు 1909లో వెల్స్‌లీ మహిళా కాలేజీలో కలిసింది. 1918లో రీడ్ కాలేజీలో, యుద్ధంలో గాయపడిన సైనికులను మళ్లీ నడిపించడమెలాగో మేరీ మెక్‌మిలన్ ఆడపిల్లలకు నేర్పింది. అమెరికాలో ఫిజియోథెరపీ వృత్తికి వేళ్లు అక్కడున్నాయి. మనం డ్రిల్లు మేష్టారి చదువని నవ్వుతున్నది దీన్నే!

మన దగ్గర మాత్రం? నేను కబడ్డీ బాగా ఆడేదాన్ని. ఓణీ వేసిన రోజుతో నా ఆట కట్టయింది. "వయసొచ్చిన పిల్లకి ఈ గంతులేమిటి?" అన్నారు పెద్దలు. శ్రీకాకుళం జిల్లా నుంచి వెళ్లిన కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో 240 కిలోలెత్తి కాంస్యం తెస్తే మాత్రం మన పిల్లేనని పొంగిపోయాం. పతకం తెస్తే చప్పట్లు కొడతాం, ఆ బరువెత్తిన ఒంటిని గురించి చదువుతానంటే మొహం చిట్లిస్తాం. ఇదెక్కడి న్యాయం?

ఇంకో సంగతి. వ్యాయామం మీద పరిశోధనలు చాలాకాలం ఎక్కువగా మగవాళ్ల ఒంటిమీదే జరిగాయి. ఒకే ఆట ఆడినా బాస్కెట్‌బాల్, ఫుట్‌బాల్ వంటి ఆటల్లో మోకాలి లిగమెంటు తెగడం అబ్బాయిల కంటే అమ్మాయిల్లో ఎక్కువ. కారణాల మీద ఇంకా చర్చ నడుస్తూనే ఉంది. తేల్చే బాధ్యత ఆడపిల్లలు తీసుకోకపోతే ఇంకెవరు తీసుకుంటారు?

అలాగని కళ్లు మూసుకుని సరే అనమనను. మా మరిదిగారి భయంలోనూ అర్థముంది. ఈ డిగ్రీ ఒక్కటే చేతిలో ఉంటే ఫిజియోథెరపిస్టు అని బోర్డు పెట్టుకోవడానికి లేదు. అమెరికాలో దాని తర్వాత ఇంచుమించు మూడేళ్ల డాక్టరేటు చదివి, లైసెన్సు పరీక్ష పాసవ్వాలి. ఖర్చులన్నీ కలిపి ఏడాదికి 80 వేల డాలర్లు దాటే కాలేజీలున్నాయి. ఆర్థిక సాయం ఎంత వస్తుంది, అప్పెంత అవుతుంది, ఆ తర్వాత ఏం చదువుతుంది? కాగితం మీద లెక్క వేసుకునే అడుగు వేయాలి. ఇక్కడి పిల్లలు ఇదే దారిలో నడవాలనుకుంటే సముద్రాలు దాటక్కర్లేదు. ఫిజియోథెరపీ, వ్యాయామవిద్య మన ఊళ్ల దగ్గర్లోనే ఉన్నాయి.

అమ్మాయి ఇలాంటి కొత్త చదువు పేరు చెబితే ఫీజెంతని అడగండి, తర్వాత ఏం చేస్తావని అడగండి, తప్పులేదు. "అదీ ఓ చదువేనా?" అని మాత్రం అనకండి. మన ఒంటి సంగతి మనకంటే ఇతరులకే ఎక్కువ తెలుసన్నట్టు ఇన్నాళ్లూ బతికాం. మన పిల్లలైనా తెలుసుకుని బతకనివ్వండి!