టీం లీడ్ అయ్యాక కీబోర్డు ఎవరి చేతిలో ఉండాలి?

పోయిన నెల నన్ను టీం లీడ్‌ని చేశారు. ఇంట్లో అమ్మ స్వీట్లు కూడా పంచింది. నేను సీతారామపురంలో ఇంటి నుంచే పని చేస్తున్నా. డాబా ఎక్కితేనే సిగ్నల్ సరిగ్గా వస్తుంది, అదో పెద్ద కథ. లీడ్ అయిన మూడో వారంలోనే ఒక తప్పు చేశా. మా టీంలో కొత్తగా చేరిన కుర్రాడు రాసిన కోడ్ నాకు నచ్చలేదు. ఎక్కడ తేడా కొడుతుందో వాడికి చెప్పి, మళ్లీ రాయించే ఓపిక లేక, రాత్రి ఒంటిగంట దాకా కూర్చుని మొత్తం నేనే తిరగరాసేశా. రిలీజ్ టైంకి అయిపోయింది. మేనేజర్ మెచ్చుకున్నాడు. ఆ రోజు నుంచి ఆ కుర్రాడు మీటింగుల్లో నోరు విప్పడం లేదు. ఏం అడిగినా "మీరెలా అంటే అలాగే అన్నా" అంటాడు.

అప్పుడే సత్య నాదెళ్ల చెప్పుకున్న ఒక స్కూల్ సంగతి గుర్తొచ్చింది. హైదరాబాద్ పబ్లిక్ స్కూల్లో క్రికెట్ ఆడే రోజుల్లో ఒక మ్యాచ్‌లో ఆయన బౌలింగ్ అస్సలు కుదర్లేదట. కెప్టెన్ తనే బంతి తీసుకుని, కావాల్సిన వికెట్ పడగొట్టి, వెంటనే బంతి మళ్లీ నాదెళ్లకే ఇచ్చాడు. తర్వాత ఆయన వికెట్లు తీశాడు. నేనూ ఆ కెప్టెన్ లాగే బంతి లాక్కున్నా. తిరిగి ఇవ్వడమే మర్చిపోయా.

నాదెళ్లదీ మనలాంటి దారే. మణిపాల్‌లో ఎలక్ట్రికల్ ఇంజినీరింగ్, అమెరికాలో ఎంఎస్, 1992లో మైక్రోసాఫ్ట్, 2014 ఫిబ్రవరిలో సీఈఓ. ఆ కుర్చీ ఎక్కాక ఆయన సీనియర్ లీడర్ల మీటింగ్‌కి మైకేల్ జర్వైస్ అనే స్పోర్ట్స్ సైకాలజిస్టును పిలిపించాడు. కోడ్ గురించి కాదు, మనుషుల గురించి మాట్లాడించడానికి. గూగుల్ వాళ్లయితే మంచి మేనేజర్‌లో ఏముంటుందో తమ కంపెనీ డేటానే తవ్వి చూశారు. ఎనిమిది లక్షణాలు తేలాయి. మొదటిది, మంచి కోచ్ అయ్యుండడం. టెక్నికల్ నైపుణ్యం ఎనిమిదోది! బీటెక్ నాలుగేళ్లూ మనం రుద్దింది ఆ ఎనిమిదో దాన్నే కదా.

పూర్తిగా ఇటు వచ్చేసిన వాళ్లూ ఉన్నారు. ప్రసాద్ కైపా ఐఐటీ మద్రాసులో ఫిజిక్స్‌లో పీహెచ్‌డీ చేసి, ఆపిల్‌లో పనిచేసి, తర్వాత సిలికాన్ వ్యాలీలో సీఈఓలకు కోచ్ అయ్యాడు. హైదరాబాద్ ఐఎస్‌బీలో లీడర్‌షిప్ సెంటర్ నడిపాడు. నవి రాడ్జూతో కలిసి 2013లో రాసిన పుస్తకంలో తెలివైనవాళ్లను రెండు రకాలు చేశాడు. పెద్ద పెద్ద ఎత్తులు వేసే రకం ఒకటి. చేతిలో పనిని పక్కాగా చేసి, అందులోనే ఉండిపోయే రకం ఇంకొకటి. నేను ఈ రెండో బ్యాచ్. తెలివి ఎంతున్నా వివేకం వేరే సంగతి అంటాడాయన.

లింక్డ్‌ఇన్‌లో మాత్రం జాబ్‌లో చేరి మూడేళ్లు కాకుండానే 'లీడర్‌షిప్ కోచ్' అని పెట్టుకునేవాళ్లు కనిపిస్తున్నారు. ఇంటర్నేషనల్ కోచింగ్ ఫెడరేషన్ మొదటి మెట్టు సర్టిఫికెట్‌కే 60 గంటల ట్రైనింగ్, 100 గంటల కోచింగ్ అనుభవం అడుగుతుంది. పై మెట్టుకి 2,500 గంటలు. డబ్బు కట్టేముందు మీ కోచ్ ఎన్ని గంటలు చేశాడో అడగండి, తప్పేం లేదు.

మా నాన్న ఏ సర్టిఫికెట్టూ లేకుండానే నాకు ట్రాక్టర్ నేర్పాడు. మడ్‌గార్డ్ మీద కూర్చునేవాడు, స్టీరింగ్ మాత్రం ముట్టుకునేవాడు కాదు. గట్టు దగ్గరికొస్తే "ఇప్పుడేం చేస్తావు నాయనా?" అనేవాడు, అంతే. ఒకసారి కంది చేలోకి దూకించేశా. అప్పుడూ అదే ప్రశ్న.

మొన్న సోమవారం ఆ కుర్రాడికి ఫోన్ చేసి, "నీ కోడ్ నీకు చెప్పకుండా మార్చేశా, తప్పు నాదే" అన్నా. తర్వాతి మాడ్యూల్ వాడికే ఇచ్చి, "నువ్వైతే ఎలా చేస్తావు?" అని అడిగా. అట్నుంచి సౌండ్ లేదు. సిగ్నల్ పోయిందేమోనని డాబా మెట్లెక్కుతుంటే వినబడింది: "అన్నా, నా దగ్గర ఒక ఐడియా ఉంది. కాకపోతే రెండు రోజులు ఎక్కువ పడుతుంది."

రెండు రోజులు! నేనైతే ఒక్క రాత్రిలో లాగించేస్తా. నాలుక చివరిదాకా వచ్చిన ఆ మాటని మింగేసి, మేనేజర్‌కి గడువు పెంచమని మెయిల్ పెట్టా. ఇంకా జవాబు రాలేదు.