ప్రాణరక్షకుల బ్రతుకుతెరువు

ఆపదకు తిథివారనక్షత్రములు లేవు. అర్ధరాత్రమున రహదారిపై లారీ తాకి పడినవానికిని, పొలముగట్టున పాముకాటు తిన్న కూలికిని, నెలలు నిండి నొప్పులు పడుచున్న ఇల్లాలికిని మొట్టమొదట చేయూతనిచ్చువాడు వైద్యుడు కాడు. 108 బండిలో వచ్చు టెక్నీషియను. ఆస్పత్రి గుమ్మము చేరువరకు ఆతడే వైద్యుడు, ఆతడే దాది, ఆతడే బంధువు. అట్టివానికి మన రాష్ట్రములలో ఎట్టి శిక్షణ లభించుచున్నది? ఆ వృత్తిలో ప్రవేశించిన యువకునకు పదియేండ్ల పిమ్మట ఎట్టి స్థానము గలదు? ఈ ప్రశ్నలను ప్రభుత్వములును ప్రజలును తగిన శ్రద్ధతో విచారింపలేదని మా అభిప్రాయము.

భారతదేశమున రహదారి ప్రమాదములలో 2022వ సంవత్సరమొక్కదానిలోనే 1,68,491 మంది మరణించిరని కేంద్రప్రభుత్వపు లెక్కలు తెలుపుచున్నవి. ఒక చిన్న పట్టణపు జనసంఖ్య సంవత్సరమున తుడిచిపెట్టుకొనిపోవుచున్నదన్నమాట. వీరిలో ఎందరో తగిన సమయమున తగిన చికిత్స లభించినచో బ్రతికి యుందురని వైద్యశాస్త్రజ్ఞులు చెప్పుచున్నారు. ఇందువలననే గాయపడిన పిదప తొలిగంటకు 2019 నాటి మోటారు వాహనముల సవరణ చట్టము ప్రత్యేకస్థానము నిచ్చినది. కాని చట్టమున గంటను గుర్తించినంత మాత్రమున ప్రాణము నిలువదు. ఆ గంటలో పనిచేయు చేతులను సిద్ధపరుపవలెను.

ఈ విషయమున తెలుగుదేశము వెనుకబడినది కాదు. 2005 ఆగస్టు 15వ తేదీన, స్వాతంత్ర్యదినముననే, హైదరాబాదున 108 సేవ ఆరంభమయ్యెను. రూకయైన ఖర్చుచేయనక్కరలేని ఆ మూడంకెల పిలుపు పల్లెపల్లెకు ప్రాకి, పిమ్మట అనేక రాష్ట్రములకు మాదిరియైనది. స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయపు తోడ్పాటుతో రెండేండ్ల ఉన్నతశిక్షణయు 2007లో హైదరాబాదుననే ప్రారంభింపబడెను. దారి చూపినది మనమే. అయినను బండ్లను పెంచుటయందు చూపిన ఉత్సాహమును బండిలోని మనుష్యుని పెంచుటయందు మనము చూపలేదు.

ఆతని పని సామాన్యమైనది కాదు. గుండె నిలిచినవాని రొమ్మును నిమిషమునకు 100 మొదలు 120 పర్యాయములు, రెండంగుళముల లోతున, లయ తప్పక అదుమవలెను. లయ తప్పి కొట్టుకొను గుండెకు విద్యుదాఘాతము నిచ్చుటలో ఒక్కొక్క నిమిషము ఆలస్యమైనకొలది బ్రతుకు ఆశ నూటికి 7 మొదలు 10 వంతున తగ్గిపోవును. మెడయెముక విరిగినవానిని తప్పుగా లేవనెత్తినచో బ్రతికినను జీవితాంతము మంచము పట్టును. రక్తము కారుచోట ఎంతసేపు అదిమిపట్టవలెనో, ఏ రోగిని సమీపపు ఆస్పత్రికి, ఏ రోగిని దూరపు పెద్ద ఆస్పత్రికి చేర్చవలెనో క్షణములో నిర్ణయింపవలెను. కదలుచున్న బండిలో, చాలీచాలని వెలుతురున, కాన్పు చేయవలెను. ఇది కొన్నివారముల పాఠముతో ముగియు విద్యయా?

జీవశాస్త్ర పట్టభద్రులు, నర్సింగు, ఫార్మసీ చదివినవారు ఈ కొలువున చేరి, కొన్నివారములు నేర్చుకొని బండి యెక్కుచున్నారు. పన్నెండేసి గంటల పని. గుత్తసంస్థల క్రింద ఉద్యోగము. గుత్త మారినప్పుడెల్ల తమ స్థితి యేమగునో యను దిగులు. అన్నిటికంటె పెద్దకొరత మరియొకటి గలదు. నర్సునకు హెడ్డునర్సు పదవి గలదు, కానిస్టేబులునకు హెడ్డు కానిస్టేబులు పదవి గలదు. ఈ ప్రాణరక్షకునకు ఎక్కుటకు మెట్టే లేదు. పదియేండ్లు పనిచేసినవాడును నిన్న చేరినవాడును ఇంచుమించు ఒకే స్థానమున నుందురు. అందుచే చేయి తిరిగినవాడు ఓపిక నశించి వేరు కొలువు చూచుకొనుచున్నాడు. ఆతని స్థానమున క్రొత్తవాడు మొదటినుండి నేర్చుకొనవలసి వచ్చుచున్నది. నష్టము టెక్నీషియనుది మాత్రమే కాదు, నేలపై పడియున్న రోగిది.

ఆపదలో నున్నవానిని మోయుట మన జాతికి క్రొత్త కాదు. 1899లో దక్షిణాఫ్రికాయందు బోయరుయుద్ధము ఆరంభమైనపుడు గాంధీగారు సుమారు 1,100 మంది భారతీయులతో క్షతగాత్ర సేవాదళమును కూర్చిరి. వారిలో అధికసంఖ్యాకులు ఒప్పందకూలీలు. మద్రాసు రాజధానినుండి ఓడలెక్కి నేటాలునకు పోయిన అట్టి కూలీలలో తమిళులతోబాటు తెలుగువారును ఉండిరి. డాక్టరు బూత్ అనునాతడు దళమువారికి శిక్షణ నిచ్చెను. స్పియన్‌కాప్ యుద్ధదినములలో వారు గాయపడినవారిని మోసికొని దినమునకు ఇరువది, ఇరువదియైదు మైళ్లు నడచిరి. సేవాబుద్ధికి శిక్షణ తోడైనపుడు కూలివాడును ప్రాణదాత కాగలడని ఆనాడే రుజువైనది.

అన్యదేశముల అనుభవమును చూడుడు. బ్రిటనులో పారామెడిక్కు అను పేరు చట్టముచే రక్షింపబడినది. పట్టికలో నమోదు కానివాడు ఆ పేరు చెప్పుకొనుట నేరము. విశ్వవిద్యాలయపు పట్టముతో వృత్తిలో చేరినవాడు అనుభవముచే పైమెట్టు లెక్కును. 2018 నుండి ఉన్నతశిక్షణ పొందినవారికి మందులు వ్రాయు అధికారముకూడ సంక్రమించినది. అమెరికాలోని పిట్స్‌బర్గు నగరకథ మరింత గమనింపదగినది. 1967లో డాక్టరు పీటర్ సఫార్ మున్నగువారు, ఉద్యోగమునకు పనికిరారని లోకము త్రోసివేసిన నీగ్రోపేటల యువకులకు సుమారు 300 గంటల శిక్షణ నిచ్చి ఫ్రీడమ్ హౌస్ అంబులెన్సు దళమును నిలిపిరి. ఆ దళము దేశమునకే ఆదర్శమాయెను. కాని 1975లో నగరపాలకులు ఆ సేవను తమ క్రిందికి తీసికొన్నపుడు, క్రొత్త పరీక్షలు, క్రొత్త నిబంధనల నడుమ ఆ తొలిసేవకులలో పలువురు వెలుపలికి పోవలసివచ్చెను. వృత్తికి గౌరవము కల్పించు సంస్కరణయే, జాగరూకత లేనిచో, వృత్తిని స్థాపించినవారిని వీధిపాలు చేయగలదు.

ఈ హెచ్చరిక మనకు నేడు అవసరము. 2021లో పార్లమెంటు అనుబంధవైద్యవృత్తుల చట్టమును చేసినది. ఆపద్వైద్య టెక్నాలజిస్టులకును అందు చోటు గలదు. అనుబంధ వృత్తులవారికి కనీసము 2,000 గంటల విద్యయు, ఉన్నతశ్రేణి వృత్తులవారికి 3,600 గంటల విద్యయు ఉండవలెనని శాసించినది. రాష్ట్రమండలులను ఆరునెలలలో స్థాపింపవలెననియు నిర్దేశించినది. గడువు గడచిపోయెను, చట్టమును అమలుపరుపుడని 2024 ఆగస్టులో సుప్రీంకోర్టు రెండునెలల గడువుతో ఆజ్ఞాపింపవలసిన దుర్గతి పట్టినది. ఆపద్వైద్యమును వైద్యులకు ప్రత్యేకశాఖగా 2009లోనే గుర్తించిన దేశము, అదే ఆపదలో రోగిని తొలుత తాకువానిని గుర్తించుటకు మరి పండ్రెండేండ్లు తీసికొన్నది!

దీనికంతకు ధన మెక్కడనున్నదని కొందరు ప్రశ్నింతురు. ప్రశ్న న్యాయమైనదే. కాని నేర్పరియైన సేవకుడు వెడలిపోయినప్పుడెల్ల క్రొత్తవానికి శిక్షణ నిచ్చుటకు అగు వ్యయమునుకూడ లెక్కలో చేర్చవలదా? సంపాదించువాడు మరణించిన కుటుంబము అప్పులపాలగుట ఏ పద్దున వ్రాయుదురు? బండ్లున్నవి గదా యని మరికొందరందురు. అల్లూరి సీతారామరాజు జిల్లా కొండలలో రోడ్డులేని గూడెములనుండి నేటికిని రోగులను డోలీలపై మోసికొని వచ్చుచున్నారు. బండి ఆగిపోయినచోట మనుష్యుని నేర్పే మిగులును.

కావున మేము కోరునది యిది. రెండు రాష్ట్రములలోను చట్టప్రకారము మండలులు చురుకుగ పనిచేసి, ఈ వృత్తివారి పట్టికను ప్రకటింపవలెను. ప్రభుత్వ వైద్యకళాశాలలలో ఆపద్వైద్య డిప్లొమా, పట్టపు తరగతులను విరివిగా నెలకొల్పి, పేదవిద్యార్థులకు వేతనముల నీయవలెను. ఇప్పటికే బండ్లపై పనిచేయుచున్నవారి అనుభవమును చదువులో భాగముగ లెక్కించి, కొలువు విడువకయే మిగిలిన శిక్షణను పూర్తిచేయు సౌకర్యము కల్పింపవలెను. వారిలో ఒక్కరినైనను పట్టములేదను సాకున త్రోసివేయరాదు. టెక్నీషియను, ప్రధాన టెక్నీషియను, శిక్షకుడు, పర్యవేక్షకుడు అను మెట్లు ఏర్పరచి, మెట్టుమెట్టునకు జీతము పెంచవలెను. గుత్తసంస్థ మారినను ఉద్యోగి సర్వీసు మారకుండ టెండరులోనే షరతు వ్రాయవలెను. పన్నెండు గంటల పనిని ఎనిమిదింటికి తగ్గింపవలెను. నిద్రలేని కన్నులకు నాడి దొరకదు.

శాసనసభ్యులు తమ సభలలోను, పౌరులు తమ సంఘములలోను ఈ విషయమును చర్చింతురుగాక. ఈ పత్రికను పఠనమందిరములలో చదువు యువకులకు మేము మరియొక మాట చెప్పుచున్నాము. రొమ్ము నదుము విధానమును, రక్తము నాపు విధానమును మీరును నేర్చుకొనుడు. బండి వచ్చులోపలి నిమిషములు మీవి. బండి వచ్చిన పిదపటి నిమిషములు ఆ సేవకునివి. ఆతడు రేపును, పదియేండ్లకును, మరింత నేర్పుతో అదే బండిలో వచ్చునట్లు చేయు బాధ్యత ప్రభుత్వములది. ఆ బాధ్యతను అవి నెరవేర్చువరకు అడుగుచునే యుండుట మన విధి.