విశాఖపట్టణపు వేళఫిరంగి

నౌకలోని గడియారము నాలుగు నిమిషములు తప్పినచో లెక్కలో నొక డిగ్రీ రేఖాంశము తప్పును. విశాఖపట్టణమున ప్రతిదినము మ్రోగుచుండిన ఫిరంగి ప్రయోజన మిదియే. 1871లో ప్రభుత్వమువారు పొదుపు పేరిట దానిని మానివేసిరి. సుంకములు గైకొనుట మాత్రము మానలేదు! అంతట నా భారమును స్వయముగా వహించినవారు అంకితం వేంకట నర్సింగరావుగారు. వీరి మామగారైన గోడే వేంకట జగ్గారావుగారు మదరాసు వేధశాలలో టెయిలరుదొర యొద్ద జ్యోతిశ్శాస్త్రము నభ్యసించి, 1840లో విశాఖయందు సొంత వేధశాలను స్థాపించిరి. అల్లుఁడు ఆస్తికేగాక విద్యకును వారసుఁడయ్యెను.

ఫిరంగి కాల్చుట సులభమే. ఎప్పుడు కాల్చవలెనో తెలియుటకు నక్షత్రము మధ్యాహ్నరేఖను దాఁటు క్షణమును దూరదర్శినితోఁ బట్టి గడియారమును సరిదిద్దవలెను. అది రాత్రులు మేల్కొని చేయవలసిన పని. విజ్ఞానము మనకు ఓడలమీఁదనే దిగినదని బోధించువారు, ఆ యోడలకు వేళ చెప్పినవారెవరో కూడఁ జెప్పవలదా? విశాఖ బాలుర పాఠములలో నీ యిరువురికిని ఒక పుటయైన నీయుఁడు.