లక్ష లీటర్లకు 21 కిలోలు

చెన్నైలోని మురుగప్ప చెట్టియార్ పరిశోధన కేంద్రం వారు లక్ష లీటర్ల రియాక్టరులో డిస్టిలరీ వ్యర్థజలం నింపి, మూడు రకాల బ్యాక్టీరియాను కలిపి వదిలారు. 40 గంటల్లో 21.38 కిలోల హైడ్రోజన్ చేతికొచ్చింది. 2008లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. టొయోటా మిరాయ్ అనే హైడ్రోజన్ కారులో 5.6 కిలోలు పడుతుంది. ఆ లెక్కన అంత పెద్ద రియాక్టరు నాలుగు కార్ల ట్యాంకులను కూడా నిండుగా నింపలేకపోయింది.

అయినా ఈ రంగంలో అది మంచి దిగుబడే.

గాలి తగలని చోట చక్కెరను తిని బతికే సూక్ష్మజీవికి ఒక ఇబ్బంది ఉంది. తిండి విరిగేకొద్దీ ఎలక్ట్రాన్లు పోగుపడతాయి. వాటిని వదిలించుకోకపోతే దాని బతుకు సాగదు. హైడ్రోజినేజ్ అనే ఎంజైమ్ ఆ ఎలక్ట్రాన్లను ప్రోటాన్లకు అంటగట్టి, హైడ్రోజన్‌గా మార్చి బయటికి తోసేస్తుంది. ఈ ఎంజైమ్ ఆచూకీ పట్టింది కేంబ్రిడ్జ్‌లో మార్జరీ స్టీఫెన్సన్, లియొనార్డ్ స్టిక్‌లాండ్, 1931లో. మనం ఇంధనమని మురిసిపోయేది బ్యాక్టీరియాకు ఇంటి చెత్త. తన అవసరం తీరాక అది ఒక్క బుడగ కూడా ఎక్కువ వదలదు.

హద్దు అక్కడే ఉంది. నీటితో కలిపి పూర్తిగా విడగొట్టగలిగితే ఒక గ్లూకోజ్ అణువు నుంచి 12 హైడ్రోజన్ అణువులు రావాలి. పులియబెట్టే దారిలో మహా అయితే 4. అదీ మిగిలేదంతా ఎసిటిక్ ఆమ్లం అయితేనే. బ్యూటిరిక్ ఆమ్లం వైపు మళ్లితే 2తో సరి. చెన్నై ప్రయోగంలో వచ్చింది సగటున 2.76. అంటే రావలసిన 12లో మూడొంతులకు పైగా, ముఖ్యంగా ఆమ్లాల రూపంలో, ఆ నీటిలోనే ఉండిపోయింది.

దిగుబడి పెంచే ప్రయత్నాలకు కొదవ లేదు. టెక్సాస్‌లో థామస్ వుడ్ బృందం ఈ.కోలై అనే బ్యాక్టీరియా జన్యువులను సవరించి 140 రెట్లు ఎక్కువ హైడ్రోజన్ తీసిందని 2008లో వార్తలొచ్చాయి. రెట్ల లెక్క ఎప్పుడూ ఘనంగానే వినిపిస్తుంది. కానీ ఆ పెరుగుదల ఫార్మేట్ అనే రసాయనాన్ని తినిపించినప్పటిది. గ్లూకోజ్ పెడితే ఈ.కోలై దారికి 2 అన్న హద్దు అలాగే ఉంది. ఇంతకన్నా మోటు పద్ధతులు కొన్ని బాగా పనిచేస్తాయి. మురుగు బురదను మరిగిస్తే హైడ్రోజన్‌ను మింగేసే మీథేన్ జీవులు చస్తాయి, విత్తనాల్లాంటి స్పోర్లుగా మారిన, హైడ్రోజన్ తీసే క్లాస్ట్రిడియా బ్యాక్టీరియా మాత్రం బతికి బట్టకడతాయి. పీహెచ్‌ను 5.5 దగ్గర నిలిపినా, పుట్టిన వాయువును ఎప్పటికప్పుడు లాగేసినా ఫలితం మెరుగుపడుతుంది.

ఆ మీథేన్ జీవులు ఎంత గడుసువో కాలిఫోర్నియాలోని నాపా లోయలో తేలింది. అక్కడి వైన్ తయారీ కేంద్రంలో పెన్ స్టేట్ విశ్వవిద్యాలయానికి చెందిన బ్రూస్ లోగన్ బృందం వెయ్యి లీటర్ల యంత్రం పెట్టింది. వ్యర్థజలంలోని ఆమ్లాలకు కాస్త విద్యుత్తు తోడుచేసి బ్యాక్టీరియా చేత హైడ్రోజన్ తీయించడం దాని పని. 2011లో ఫలితం బయటికొచ్చింది: వెలువడిన వాయువులో దాదాపు 86 శాతం మీథేన్! గాజు సీసాలో మెప్పించిన పద్ధతి ఆరుబయటికి వచ్చేసరికి ఇలా తలకిందులవడం ఈ రంగంలో మామూలే.

హైదరాబాద్‌లోని రసాయన పరిశోధన సంస్థ ఐఐసీటీలో ఎస్. వెంకటమోహన్ చాలాకాలంగా నడిపిన పరిశోధన ఈ చిక్కును తెలివిగా పట్టుకుంది. 2014లో భట్నాగర్ పురస్కారం అందుకున్న ఆయన శుద్ధమైన గ్లూకోజ్‌ను నమ్ముకోకుండా వ్యర్థజలాలను, ఏరికోరి పెంచిన ఒకే జాతిని కాకుండా మిశ్రమ బ్యాక్టీరియాను ఎంచుకున్నారు. హైడ్రోజన్ తీశాక మిగిలే ఆమ్లాలను పారబోయకుండా బయోప్లాస్టిక్ వంటి వాటికి ముడిసరుకు చేయవచ్చని చూపారు. లేదా రెండో ట్యాంకులోకి పంపితే మీథేన్ అవుతుంది. మొదటి ట్యాంకులో దొంగ అనిపించుకున్న జీవే అక్కడ పనివాడు.

అనకాపల్లి జిల్లా పూడిమడకలో 2025 జనవరిలో శంకుస్థాపన జరిగిన ఎన్టీపీసీ కేంద్రం సౌర, పవన విద్యుత్తుతో నీటిని విడగొట్టి రోజుకు 1,500 టన్నుల హైడ్రోజన్ తీయాలని లక్ష్యం పెట్టుకుంది. దాని పక్కన బ్యాక్టీరియాను నిలబెట్టి కిలోకు ధరెంత అని అడిగితే అది ఏనాటికీ గెలవదు. అడగవలసింది వేరే: మురుగును ఎలాగూ శుద్ధి చేయాలి గదా, ఆ ఖర్చులో ఎంత తిరిగి రాబట్టగలం? డిస్టిలరీల్లో బయోగ్యాస్ ట్యాంకులు ఎప్పటినుంచో ఉన్నాయి. వాటి ముందు హైడ్రోజన్ కోసం మరో ట్యాంకు కట్టి, కొన్ని నెలలపాటు ఆపకుండా నడిపి, మరిగించడానికి, పంపులకు పోయిన కరెంటుతో సహా జమాఖర్చు బయటపెట్టే ఫ్యాక్టరీకే ప్రభుత్వం సాయం చేయాలి. ఆ సాయం కూడా హైడ్రోజన్ కిలోల మీద కాకుండా, శుద్ధి అయిన నీటి లీటర్ల మీద కట్టాలి.