గిటారు మాకెందుకంటారా?

గిటారు మాకెందుకని అడిగేవాళ్ళు రెండు రకాలు. మొదటి రకం మా స్టాఫ్‌రూములో ఉన్నారు. "మాస్టారూ, ఆ ఇంగ్లీషు అరుపులు మీకేం అర్థమవుతాయండీ? మీవాళ్ళకి డప్పు ఉందిగా!" అని నవ్వుతారు. రెండో రకం సాహిత్య సభల్లో ఉన్నారు. "దళిత రచయితవై ఉండి సామ్రాజ్యవాద సంగీతం వినడమేంటి? నీ మూలాల్లోకి వెళ్ళు" అని భుజమ్మీద చెయ్యేస్తారు. ఒకాయన వెక్కిరిస్తాడు, ఇంకొకాయన బుజ్జగిస్తాడు. ఇద్దరూ చెప్పేది ఒకటే. నీ చోటు నీకుంది, అక్కడే ఉండమని.

ఇద్దరికీ కలిపి ఇక్కడే జవాబు చెప్తున్నా. రేజ్ అగెయినిస్ట్ ద మెషీన్ అనే రాక్ బ్యాండు నాకిష్టం. 1992 నవంబరులో అదే పేరుతో వచ్చిన వాళ్ళ మొదటి ఆల్బం నాకు ప్రాణం. 10 పాటలు, 52 నిమిషాలు. ఇష్టానికి సంజాయిషీ ఇవ్వక్కర్లేదు. కానీ మా ఇష్టాలక్కూడా కులం సర్టిఫికెట్ అడుగుతుంటే మాట్లాడకుండా ఎట్టా ఉంటాం?

ముందు డప్పు సంగతి. మా తాత డప్పు కొట్టాడు. ఊళ్ళో చావుకి కొట్టాడు, జాతరకి కొట్టాడు, చాటింపంటే వీధి వీధీ తిరిగి కొట్టాడు. కొట్టనంటే ఊరు బతకనియ్యదు గనక కొట్టాడు. శవం ముందు నడిచిన ఆ చేతులకి దక్కింది పాత గుడ్డో, నాలుగు గింజలో, ఇంత సారాయో. దాన్నిప్పుడు మీరు జానపద కళ అంటున్నారు. మా ఇంట్లో దాని పేరు వెట్టి. 1994లో ప్రకాశం జిల్లా ఈదుమూడిలో దండోరా పుట్టాక అదే డప్పు మా కోసం మేం కొట్టుకున్నాం. ఆ రోజు నుంచీ అది మాకు పాటయింది. తోలు అదే, కర్రలు అవే. ఎవరి కోసం, ఎవరి ఇష్టంతో కొడుతున్నామన్నదే మారింది. గిటారుకైనా అదే న్యాయం.

ఆ మాటకొస్తే గిటారు మా పల్లెకి కొత్త కూడా కాదు. ఊరి గుడి మెట్టు ఎక్కనియ్యని కాలంలో మా పల్లెలో చర్చి లేచింది. డిసెంబరు వచ్చిందంటే గిటారు, డ్రమ్ములు, కీబోర్డు. తీగ మీద నేను మొదటిసారి వేలు పెట్టింది అక్కడే.

ఈ ఆల్బం మాత్రం డిగ్రీ చదివేటప్పుడు సాంఘిక సంక్షేమ హాస్టల్లో దొరికింది. టౌన్లో సెల్ షాపుకెళ్ళి మెమరీ కార్డు నింపించుకునేవాళ్ళం. సినిమా పాటల మధ్య ఎవరిదో ఇంగ్లీషు ఫోల్డరొకటి వచ్చిపడింది. నాది తెలుగు మీడియం. మాటలు అందలా, కోపం అందింది. తర్వాత డిక్షనరీ ముందేసుకుని ఒక్కో పాటా విప్పుకున్నా.

విప్పితే ఏముంది అందులో? లాస్ ఏంజెలెస్ ఉంది. 1991 మార్చిలో అక్కడి పోలీసులు రోడ్నీ కింగ్ అనే నల్లమనిషిని నడిరోడ్డు మీద చావగొట్టారు. వీడియో ఉంది, లోకమంతా చూసింది. అయినా 1992 ఏప్రిల్ 29న ఆ పోలీసుల్ని నిర్దోషులని వదిలేశారు. నగరం తగలబడింది. ఆ ఏడాదే ఈ ఆల్బం. అందులో 'కిల్లింగ్ ఇన్ ద నేమ్' యూనిఫారానికీ, శిలువలు కాల్చి నల్లవాళ్ళని భయపెట్టే ముఠాకీ ఉన్న చుట్టరికాన్ని పేరుపెట్టి చెప్తుంది.

ఇది పరాయి కథంటారా? 1991 ఆగస్టు 6న చుండూరులో మావాళ్ళని నరికారు. ఆ గొడవకి మొదలేంటి? సినిమా హాల్లో కాలు తగిలిందన్న తగాదా. 2007లో ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవం వేస్తే, 2014లో హైకోర్టు ఆ శిక్షలన్నీ కొట్టేసింది. సినిమా చూడ్డానికెళ్ళినచోట కాలు తగిలితే ప్రాణాలు పోయిన దేశంలో, మేం ఏం చూస్తున్నాం, ఏం వింటున్నాం అన్నది చిన్న విషయమా? రోడ్నీ కింగ్ తీర్పు అర్థం కావడానికి మాకు ఇంగ్లీషు కావాలా?

ఆ పిల్లలు ఆకాశం నుంచి ఊడిపడలేదు. పాడే జాక్ డి లా రోచా మెక్సికన్ అమెరికన్ చిత్రకారుడి కొడుకు. గిటారు వాయించే టామ్ మొరెల్లో తండ్రి కెన్యా మనిషి. ఒంటరిగా పెంచిన తల్లి హైస్కూలు టీచరు. నాలాంటి బడిపంతులమ్మ అన్నమాట! ఆల్బంలో 'టేక్ ద పవర్ బ్యాక్' అనే పాట బడి గురించే. ఒకే జాతి గొప్పల్ని చరిత్రని చెప్పి పిల్లల నోట్లో కుక్కే పాఠ్యపుస్తకం మీద యుద్ధం అది. నేను సాంఘిక శాస్త్రం చెప్తాను. రాజుల పేర్లు, యుద్ధాల తేదీలు చెప్పీ చెప్పీ, మా చెరువు తవ్విందెవరో, మా ఊరి పొలాలకి మడి కట్టిందెవరో చెప్పడానికి పేజీ దొరక్క విసిగినవాణ్ణి. ఆ పాట నాకు టీచర్ ట్రైనింగ్.

"అది సోనీ కంపెనీ సరుకు కదా" అంటారు సభల పెద్దలు. అవును, సోనీ సరుకే. 2009 క్రిస్మస్‌కి బ్రిటన్లో జనం టీవీ పోటీ విజేత పాటని ఓడించి 'కిల్లింగ్ ఇన్ ద నేమ్'ని మొదటి స్థానంలో నిలబెడితే, రెండు పాటల లాభమూ సోనీకే పోయింది. ఒప్పుకుంటా. మరి మీ విప్లవ పత్రిక ఏ కార్మికుల మిల్లు కాగితం మీద అచ్చయింది సార్? మూలాలంటారా? అంబేడ్కర్ 1946లో నల్లజాతి మేధావి డుబోయ్‌కి ఉత్తరం రాశాడు. 1972లో బొంబాయి కుర్రాళ్ళు అమెరికా బ్లాక్ పాంథర్స్‌ని చూసి దళిత పాంథర్స్ అని పేరు పెట్టుకున్నారు. నల్లవాడి గొంతుతో గొంతు కలపడం మా మూలాల్లోనే ఉంది.

ఇక ఈ బ్యాండు టీషర్టు తొడుక్కుని, రిజర్వేషన్ల వల్ల మెరిట్ చచ్చిపోయిందని ఏడ్చే బాబులకొక మాట. 2012లో అమెరికా ఉపాధ్యక్ష పదవికి పోటీపడ్డ పాల్ ర్యాన్ కూడా తనకీ బ్యాండంటే ఇష్టమన్నాడు. మేం ఏ యంత్రం మీద కోపంతో పాడామో దానికి నిలువెత్తు రూపం నువ్వేనని మొరెల్లో పత్రికలో రాసి జవాబిచ్చాడు. బీటు మీరు తీసుకుని, మాట అవతల పారేస్తే ఎట్టా?

అర్థమవుతుందా అన్నదానికి మా అమ్మే జవాబు. జీవితమంతా నాట్లకీ కోతలకీ పోయిన మనిషి. వేలిముద్ర మనిషి. ఒకరోజు నా ఫోన్లో ఆ పాట విని, "ఎవడో కడుపు మండినోడ్రా. ఎవరు కొట్టార్రా ఆ బిడ్డని?" అంది. ఇంతకన్నా మంచి సంగీత విమర్శ నేను చదవలేదు.

ఇంకొక సంగతి చెప్పకపోతే ఇదంతా నా సొంత సరదా గొడవనుకుంటారు. బడి వార్షికోత్సవం వస్తే పంపకాలు చూడండి. కూచిపూడి ఎవరి పిల్లలకి, ఇంగ్లీషు ఉపన్యాసం ఎవరి పిల్లలకి, డప్పు డాన్సు ఎవరి పిల్లలకి? పేర్లు రాసే టీచరు కులం అడగడు. అడగాల్సిన పని లేదు, ఏ వీధి నుంచి వచ్చారో తెలుసు. మొన్న నా ఎనిమిదో తరగతి పిల్ల ఒకతి, "సార్, నేను డప్పు డాన్సు చెయ్యను, గిటార్ నేర్చుకుంటా" అంది. పక్కనున్న టీచర్లు నవ్వారు. ఆ నవ్వు మీదే నా కోపమంతా.

డప్పు కావాలన్న పిల్లకి డప్పివ్వండి. వీణ కావాలంటే వీణివ్వండి. కానీ ముందు అడగండి. వాళ్ళ బదులు మీరు ఎంచిపెట్టే కాలం చెల్లింది. ఈ నెల జీతంలో ఒక పాత గిటారు కొన్నా. అది బడి బీరువాలో ఉంది. తాళం ఆ పిల్ల దగ్గరుంది.